ఓడపండు

బావకు వేపుడు చేసిన మూకుడులో అన్నం వేసి అంచుల దాకా తుడిచి కలుపుకుంటే మనకూ కాస్త నూనె అందుతుందని అక్క నాకు మొదటిరోజే నేర్పింది. ఆ అన్నాన్ని రెండు ముద్దలు చేసి పెద్దది నావైపు జరిపేది. నేను దాన్ని తిరిగి ఆమెవైపు జరిపేదాన్ని. అప్పటికి ఆమెకు ఐదో నెల. ఇద్దరం అటూ ఇటూ జరుపుకుంటుంటే అన్నం చల్లారిపోయేది. మా ఊళ్ళో ఆ మాత్రం నూనె కూడా చూసేవాళ్ళం కాదు గనక నాకు అది లోటుగా తోచలేదు. పట్నంలో ఆడవాళ్ళు మూకుడు తుడుచుకుని తింటారు కాబోలు అనుకున్నాను.

ఎనభై మూడు జూన్‌లో పదో తరగతి ఫలితాలు రాగానే నన్ను విశాఖపట్నం తీసుకొచ్చారు. మా ఊరు శృంగవరపుకోట దాటి బస్సు దిగాక మూడు మైళ్ళు నడక. బళ్ళో నేను ఎప్పుడూ చెయ్యెత్తి జవాబు చెప్పలేదు. జవాబు తెలిసినా సరే, నోటుబుక్కు చివరి పేజీలో రాసుకుని ఊరుకునేదాన్ని. అయినా ఫస్టు క్లాసు వచ్చింది. కాలేజీలో చేర్పిస్తానని బావ మా నాన్నకు మాటిచ్చాడు. తీసుకొచ్చిన వారానికి, "ముందు మీ అక్క కానుపు అవనీ పిల్లా, కాలేజీ ఎక్కడికి పోద్ది" అన్నాడు. నేను తలూపాను. ఆ రోజు నుంచి నీళ్ళు తోడటం, అంట్లు, కోళ్ళకు తవుడు, బావ నూనె మరకల చొక్కాలు నావి. మధ్యాహ్నం అందరూ నడుం వాల్చినప్పుడు పాత నోటుబుక్కులో మిగిలిన కాగితాల మీద ఆ రోజు జరిగింది రాసుకునేదాన్ని. ఎవరూ చదవరు కాబట్టి భయం లేకుండా రాసేదాన్ని.

బావ పేరు జ్ఞానశేఖర్. ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడిలో ఫిట్టరు. వన్‌టౌన్‌లో మా సందు చివర పొద్దున్న ఆరింటికి బస్సెక్కితే కూర్మన్నపాలెం అవతల దిగేవాడు. ఆయన క్యారేజీ కోసం అక్క నాలుగింటికే లేచేది. అత్తమ్మ, అంటే అక్క అత్తగారు దీవెనమ్మ, నూనె డబ్బా తన మంచం కింద ఉంచుకునేది. రేషను పామాయిల్ అది. బావ వేపుడుకీ పోపుకీ ఆమే కొలిచి పోసేది. మా ముగ్గురికీ తోటకూర ఉడకేసి ఉప్పూ పచ్చిమిరపకాయా వేసేవాళ్ళం. అత్తమ్మ మాకు ఒకటి పెట్టి తను ఒకటి తినే మనిషి కాదు. ఆమె కంచంలోనూ అదే ఉడికిన తోటకూర. "ఎండలో ఇనుము మోసొచ్చినోడికి ఉండాలి గానీ, ఇంట్లో కూకున్నోళ్ళకి నూనెందుకు" అనేది. ఆ మాట తనను కూడా కలుపుకునే అనేది.

పెరట్లో బావికి ఆవల ఒక చెట్టు ఉండేది. వెడల్పాటి ముదురాకుపచ్చ ఆకులు. కాయలు పైన సన్నగా కింద లావుగా బుల్లి ఆనపకాయల్లా ఉండేవి. అక్క మామగారు దయానందం పోర్టులో సరుకులెత్తే వించి నడిపేవాడట. పన్నెండేళ్ళ కిందట ఏదో విదేశీ ఓడలో వంటవాడు ఆయనకు ఒక పండు పెడితే, తిని గింజ జేబురుమాల్లో కట్టుకొచ్చాడు. ఎలా ఉందని అత్తమ్మ అడిగితే, "ఏ రుచీ లేదు, బాగుంది" అన్నాడట. ఆయన పోయి నాలుగేళ్ళు. చెట్టు కిందటేడు పూసి రాల్చింది, ఈ ఏడు తొమ్మిది కాయలు నిలిపింది. దాని పేరు ఎవరికీ తెలియదు. ఇంట్లో ఓడపండు అనేవారు.

ఆ తొమ్మిదింటినీ ఎవరూ ముట్టకూడదు. ఏ చెట్టయినా మొదట కాసింది దేవుడిది. ఆగస్టు ఆఖరి ఆదివారం మేం గుడి అనే చర్చిలో ప్రథమ ఫలాలు అర్పిస్తారు. ఆ రోజు తన భర్త పెంచిన చెట్టు పండు తీసుకెళ్ళి పెడతానని అత్తమ్మ మొక్కుకుంది. అప్పటిదాకా ఇంట్లో ఎవరి నోటా పడకూడదు. రోజూ పొద్దున్న ప్రార్థన అయ్యాక చెట్టు కిందికెళ్ళి అందిన కాయనల్లా బొటనవేలితో నొక్కి చూసేది. "ఇంకా రాయిలాగే ఉన్నాది" అనుకుంటూ వచ్చేది. జామకాయ చెట్టు మీద మెత్తబడినట్టు ఇదీ మెత్తబడుతుందని ఆమె నమ్మకం. మా అందరి నమ్మకమూ అదే.

జూలైలో ఒక సంగతి కనిపెట్టాను. సాయంత్రం అయిదు దాటితే అక్క ఒకటే హడావిడి పడేది. చీకటి పడేలోపు బియ్యం ఏరడం, నీళ్ళు పెట్టడం, పక్కలు వేయడం అన్నీ అయిపోవాలి. ఆ తర్వాత వంటింట్లో ఒకచోట కూర్చుని, "ఉప్పు డబ్బా ఇలాగియ్యి, ఆ గరిట అందుకో" అని నాతో చెప్పేది. ఏడో నెల దగ్గరపడుతోంది, అలసట అనుకున్నాను. ఒకరోజు తప్పనిసరై బావి దగ్గరికి వెళ్తుంటే ఆమె పెదాలు కదలడం చూశాను. ప్రార్థన కాదు. అడుగులు లెక్కపెడుతోంది. వంటింటి గడప నుంచి బావి గట్టుకు పదకొండు.

ఆ వారమే ఒక సాయంత్రం బావకు కాఫీ ఇస్తూ గ్లాసును ఆయన చేతిలో కాక చేతి పక్కన వదిలేసింది. ఆయన ప్యాంటు మీద పడింది. "కళ్ళెక్కడ పెట్టుకున్నావే" అన్నాడు. కేక కూడా వేయలేదు, మామూలుగానే అన్నాడు. "ఇంటి పట్టున ఉండీ ఇంత మత్తయితే మా సైటులో ఒక్క పూట నిలబడు, తెలుస్తాది." అక్క గుడ్డ తెచ్చి నేల తుడవసాగింది. ఆమె తుడుస్తున్న చోట కాఫీ లేదు. కాఫీ జానెడు అవతల ఉంది. నేను ఆమె చేతిలోంచి గుడ్డ తీసుకుని తుడిచాను.

సంగతి పేరు చెప్పింది నూకాలు. జాలరిపేట నుంచి సాయంత్రం వేటకు పడిన చేపలు తట్టలో తెచ్చేది. అక్కకు ఈ కడుపుతో చేప వాసన పడదు. ఆ రోజు ముక్కుకు కొంగు కట్టుకుని గిన్నె చాచింది. నూకాలు వేసిన రెండు కానాగంతలూ గిన్నె పక్కనుంచి నేల మీద పడ్డాయి. నూకాలు లేచి అక్క మొహం ముందు అరచెయ్యి అటూ ఇటూ ఆడించింది.

"ఓలమ్మ, నీకు రేసీకటి ఒచ్చినాదే. ఎన్నాళ్ళయినాది?"

"మెల్లగా మాటాడు, అత్తమ్మ ఇంతారు."

"ఇంటే ఏటి, ఆవిడి సొమ్మేటి పోనాది. మా పేటలో ఇలాగైతే సొర కారిజం వండెడతాం. ఆ నూనికే కళ్ళొస్తాయి."

సొర పేరు వినగానే అక్క గోడ పట్టుకుని వాంతి ఆపుకుంది.

"సర్లే, తినకు. డాట్రమ్మకి సెప్పు. సెప్పక ఏదో పూట బావిలో పడ్డావనుకో, నీ మొగుడు నన్నంతాడు, ఆ సేపలమ్మి కళ్ళు పడ్డాయని."

చేపలు కడుగుతూ అక్కను అడిగాను, ఎందుకు చెప్పలేదని. "సెప్తే ఏటంతారు? గుడ్డిదాన్ని అంటగట్టినారంతారు. కానుపైతే అదే పోద్దిలే" అంది. ఇంత పెద్ద సంగతిని కూడా ఆమె కానుపు తర్వాతకే వాయిదా వేసింది. ఈ ఇంట్లో కానుపు దాటాక జరగాల్సినవి చాలా పోగుపడ్డాయని మర్నాడు మధ్యాహ్నం రాసుకున్నాను.

ఆగస్టు మొదట్లో సముద్రం గాలికి ఒక కాయ రాలింది. అత్తమ్మ దాన్ని చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించి, "రాలిందానికి మొక్కు లేదు" అని తీర్మానించింది. బొప్పాయి కాయలా చెక్కు తీసి, ముక్కలు కోసి, శనగపప్పు వేసి వండింది. డబ్బా తీసి నూనె కూడా ధారాళంగా పోసింది. బావకు మొదట వడ్డించింది. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"ఏటిది, వేపాకు పప్పా?"

"మీ నాన్న సెట్టుదిరా."

"అందుకే కాబోలు, ఉన్నన్నాళ్ళూ ఆయన మాటా ఇలాగే ఉండీది." కంచం జరిపేశాడు. "నీడకి తప్ప పనికిరాదు. ఆదివారం అయ్యాక కొట్టించేస్తే స్కూటరు షెడ్డుకి జాగా ఒస్తాది."

ఆయన లేచాక ఆ కూర మాకొచ్చింది. పారేయడానికి అత్తమ్మకు మనసొప్పలేదు, అంత నూనె పోసింది. ముగ్గురం గోడకానుకుని కూర్చుని ఆ చేదు తిన్నాం. నాకు ఒక సందేహం వచ్చింది. దేవుడికంటే ముందు ఆ చెట్టు కాయ నోట్లో పెట్టుకుంది బావ. దాన్ని ఎవరూ తప్పు అనలేదు. రాలింది కాబట్టి లెక్కలోకి రాదన్నారు. అదే కాయను అక్క నోట్లో పెట్టుకుని ఉంటే, రాలినా లెక్కలోకి వచ్చేదేమో. పైకి అడగలేదు. మంచినీళ్ళు తాగాను.

ఆ తర్వాతి మంగళవారం అక్కను పరీక్షకు తీసుకెళ్ళాను. ఆసుపత్రిలో నర్సు ఫాతిమా గారు. మా వన్‌టౌన్ మనిషే, నలభై ఏళ్ళుంటాయి. బరువు రాసుకుని, కనురెప్ప కిందికి లాగి చూసి, "ఇబ్బందులేమైనా ఉన్నాయా అమ్మా" అని అడిగారు. "ఏం లేవండి" అంది అక్క. ఆవిడ తర్వాతి మనిషిని పిలవబోతున్నారు. నేను అక్క వెనక నిలబడి ఉన్నాను. నా నోటి నుంచి మాట వచ్చింది.

"ఏమన్నావ్? వినపడలేదు."

"సాయంత్రం మా అక్కకు కళ్ళు కనపడవండి."

ఆవిడ కలం కింద పెట్టారు. ఏం తింటున్నారని అక్కను అడిగారు. "అన్నీ తింటామండి" అంది అక్క. ఆవిడ నావైపు చూశారు. నిన్న ఏం తిన్నామో, మొన్న ఏం తిన్నామో నేను చెప్పాను. రాసుకునే అలవాటు ఉండటం వల్ల వరసగా గుర్తున్నాయి. మూకుడు తుడుచుకునే సంగతి కూడా చెప్పాను. అక్క సిగ్గుతో తల దించుకుంది.

"తోటకూర రోజూ తింటున్నారు కదా, మరి కళ్ళకెందుకు అందట్లేదు? ఎందుకంటే ఆకుకూరలో కళ్ళకు పనికొచ్చేది ఒంటికి పట్టాలంటే దాంతోపాటు కొవ్వుండాలి. నూనో, నెయ్యో, గుడ్డులో పచ్చసొనో. వట్టి నీళ్ళలో ఉడికించి తింటే చాలావరకు వచ్చిన దారినే పోతుంది. పెద్ద డోసు విటమిను మందు కడుపుతో ఉన్నవాళ్ళకి ఇవ్వకూడదు. చిన్న మాత్రలు ఇస్తాను. మిగతాది తిండితోనే రావాలి. పాలు తాగుతావా?"

"ఇంట్లో కాఫీకే చాలవండి."

"గుడ్డు?"

"కోళ్ళున్నాయండి. మా బావకు పెడతాం," అని నేనే చెప్పాను. ఆవిడ నిట్టూర్చలేదు, తిట్టలేదు. "పెరట్లో ఇంకేమున్నాయి?" అని అడిగారు. ఓడపండు గురించి చెప్పాను. ఆవిడకు అర్థం కాక కాగితం మీద బొమ్మ గీయమన్నారు. గీశాను. లోపల పెద్ద గింజ ఒకటే ఉంటుందన్నాను.

"అరే, బటర్ ఫ్రూట్," అని నవ్వారు. "మా అన్న నిసార్ బెంగళూరులో ఉంటాడు. అక్కడ పాలలో గిలక్కొట్టి ఇస్తారు, గ్లాసు కొనాలంటే నాకే చెయ్యి రాదు. మీ పెరట్లో ఉందా?" లోపలికెళ్ళి తను చదువుకున్నప్పటి పోషకాహారం పుస్తకం తెచ్చారు. వేలు పెట్టి చదివి చెప్పారు. పండ్లన్నిటిలో తీపి ఉంటే ఇందులో తీపి దాదాపు లేదు, దాని బదులు కొవ్వు ఉంది. వంద గ్రాముల గుజ్జులో పదిహేను ఇరవై గ్రాములు కొవ్వే. అది ఒంటికి మంచి చేసే రకం. రక్తం పట్టడానికి కావలసిన ఫోలిక్ యాసిడ్ ఉంది, పొటాషియం ఉంది, మలబద్ధకం రాకుండా పీచు ఉంది. ఇనుము మాత్రం పెద్దగా లేదు, దానికి వేరే మాత్ర వేసుకోవాల్సిందే. "ఇది మందు కాదమ్మా. రేపటికి కళ్ళొచ్చేస్తాయని నేను చెప్పను. కానీ తోటకూర అన్నంలో దీని గుజ్జు కలుపుకుని తింటే ఆ తోటకూర వృథా పోదు. అంతే. చిన్న ముక్క కాదు, రోజూ సగం పండు తిను. అన్నట్టు, వండారా ఎప్పుడైనా?"

"వండామండి. చేదు."

"వేడి తగిలితే చేదెక్కుతుంది. పచ్చిగానే తినాలి. ఇంకోటి, చెట్టు మీద మెత్తబడుతుందని చూస్తూ కూర్చోకండి. ఎన్నాళ్ళున్నా అది చెట్టు మీద పండదు, చివరికి రాలిపోతుంది. గట్టిగా ఉన్నప్పుడే కోసి బియ్యంలోనో తవుడులోనో పెడితే అయిదారు రోజులకు పండుతుంది."

మేం చేసినవన్నీ తలకిందులుగా చేశామన్నమాట. పండకూడని చోట పండమని రోజూ నొక్కి చూశాం, వండకూడనిదాన్ని వండి నూనె పోశాం.

తిరిగి నడిచొస్తుంటే పొద్దు వాలుతోంది. అక్క నా మణికట్టు పట్టుకుంది. గాజు నొక్కుకునేంత గట్టిగా. "నువ్వు మాటాడతావనుకోలేదు," అంది. కోపమో కాదో తెలియలేదు.

అత్తమ్మతో ఆ సాయంత్రమే చెప్పాను, కోస్తేనే పండుతుందట అని. కళ్ళ సంగతి చెప్పకూడదని అక్క ఒట్టు పెట్టించుకుంది కాబట్టి చెట్టు సంగతి మాత్రమే చెప్పాను. "దేవుడికి కొయ్యాల్సినవి. ఆదివారం పొద్దున్నే కోద్దాం" అంది. ఆదివారానికి ఇంకా పన్నెండు రోజులు. ఆ రోజు కోస్తే గుడిలో పెట్టేది రాళ్ళు. అక్కకు దొరికేది ఏమీ లేదు, ఎందుకంటే ఆ సోమవారం చెట్టు కొట్టించేస్తారు.

బుధవారం పొద్దున్న నీళ్ళు తోడటానికి వెళ్ళి ఒక కాయ కోశాను. బియ్యం డబ్బాలో పెట్టడానికి లేదు, బియ్యం అత్తమ్మే కొలుస్తుంది. కోళ్ళ తవుడు డబ్బాలో పాతాను. ఆ డబ్బా జోలికి నేను తప్ప ఎవరూ రారు. ఎవరికీ పట్టని పనులన్నీ నావి కావడం వల్ల ఒక ఉపయోగం ఉందని అప్పుడు తెలిసింది.

సోమవారం నాటికి మెత్తబడింది. అత్తమ్మ స్త్రీల ప్రార్థన కూటానికి వెళ్ళింది. చాకు పెట్టి చుట్టూ గీసి తిప్పితే రెండుగా విడిపోయింది. తొక్క పక్కన లేతాకుపచ్చ, గింజ పక్కన గుడ్డు సొనలాంటి పసుపు. గుజ్జు చెంచాతో తీసి ఉప్పు, నిమ్మరసం వేసి మెదిపి, తోటకూర అన్నం మీద వేసి అక్కకు పెట్టాను. ఆమె కలుపుకుని మెల్లగా తింది. వేళ్ళకు అంటిన జిడ్డు వైపు చూసుకుంది. "నెయ్యన్నం తిన్నట్టున్నాది. నా పెళ్ళిలో తిన్నాను," అంది.

అత్తమ్మ పెరటి గుమ్మం వైపు నుంచి వచ్చింది. మేం వినలేదు. నేల మీద గింజ చూసింది, తొక్కలు చూసింది.

"ఏటిది?"

"ఓడపండు అత్తమ్మా. నేనే కోశాను," అన్నాను.

ఆమె గొంతు పెంచలేదు. "ఎనిమిదేళ్ళు నీళ్ళోసినాడు మీ మావ. నానింకా పండు నోట్లో ఎట్టలేదు. దేవుడి సొమ్మని ఎట్టలేదు. మీకెలాగ బుద్ధి పుట్టినాది?"

నా దగ్గర నర్సమ్మ చెప్పిన గ్రాములు, విటమిన్లు అన్నీ ఉన్నాయి, ఒక్కటీ నోటికి రాలేదు. మాట్లాడింది అక్క. ఎంగిలి చెయ్యి కంచంలోనే ఉంచి, "సందేళ నాకు కళ్ళగుపించవు అత్తమ్మా. రెండు నెల్లయినాది" అంది.

అత్తమ్మ బైబిలు గూట్లో పెట్టి వచ్చి గడప మీద కూర్చుంది.

"ఎరికే," అంది. "నువ్వు బావి కాడికి అడుగులు లెక్కెట్టుకుంతన్నావు కదా. నానూ లెక్కెట్టుకున్నాను. జ్ఞానం కడుపులో ఉన్నప్పుడూ అంతే, ఆడికి ముందర దానికీ అంతే."

బావకు ముందు ఎవరో ఉన్నారని అక్కకే తెలియదు.

"ఆడపిల్ల. ఏడో నెల. సందేళ బావి గట్టు కాడ కాలు జారినాది. మా అత్త ఏటన్నాదంటే, కడుపుతో ఉన్న ఆడదానికి సందెపొద్దు అగుపించదు, కనేస్తే ఒస్తాది, అందరికీ అంతే అన్నాది. నిజంగానే కన్నాక ఒచ్చినాది. అందరికీ అంతే గావాల అనుకున్నాను. నీకొచ్చినప్పుడూ అదే అనుకున్నాను." నావైపు తిరిగి, "తిండికే ఒస్తాదా ఇది?" అని అడిగింది.

తలూపాను. అప్పుడు నోరు పెగిలి నర్సమ్మ చెప్పిందంతా చెప్పాను. కొవ్వు లేకపోతే ఆకుకూర ఒంటికి పట్టదని చెప్పినప్పుడు ఆమె మంచం కింద డబ్బా వైపు చూసింది. తెలిసీ ఊరుకుందని నాకు మండిపోవాలి. కొంచెం మండింది కూడా. కానీ ముప్ఫై ఏళ్ళు ఆ మాటను నమ్మి, ఆ పిల్ల గురించి ఎవరికీ చెప్పకుండా, రోజూ అదే బావిలో నీళ్ళు తోడుకున్న మనిషి మీద కోపం ఎక్కువసేపు నిలవలేదు. మిగిలిన ముక్క ఆమెకు ఇవ్వబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది. "నా మొక్కు తీరాక. మిగతా ఏడూ కోసి తవుట్లో ఎట్టు. దేవుడికొకటి, తక్కినవి దీనికి."

సాయంత్రం బావ వచ్చేసరికి ఏడు కాయలూ చాటలో ఉన్నాయి. అత్తమ్మ సంబరంగా చెప్పింది, ఇది బెంగళూరులో గొప్పోళ్ళు తినే పండట, చేదు కాదట, మనకే తినడం తెలీలేదట, అక్క కళ్ళకు నర్సమ్మ తినమందట. బావ అన్నీ విన్నాడు. ఆయనకు అందులో ఒక్క మాటే వినపడింది.

"మా ఇంజినీరు గారు బెంగళూరాయనే. ఇక్కడేదీ దొరకదని రోజూ ఏడుపు. ఆదివారం గుడయ్యాక ఆరూ ఆయనింటికి పట్టికెళ్తాను. క్వార్టర్ల లిస్టు ఆయన చేతిలోనే ఉన్నాది."

"నర్సమ్మ నన్ను తినమంది," అంది అక్క.

"నీకు మాత్రలిచ్చారు కదా. ఇన్నాళ్ళూ ఈ పండు తినే కన్నారా అందరూ?" అన్నాడు. తర్వాత బుజ్జగిస్తున్నట్టు, "నాకోసమేటి, మనకోసమే. క్వార్టరొస్తే గదికో ట్యూబులైటు. సందేళయినా పగల్లాగే ఉంటాది. అప్పుడు నీకు కళ్ళతో పనేటి?" అని తన మాటకు తనే నవ్వాడు. అత్తమ్మ కొడుకు మొహంలోకి చూసింది. ఏదో అనబోయి, కంచం పెట్టడానికి లేచింది. ఆరు రోజులు నేను ఆ తవుడు డబ్బాకు కాపలా ఉన్నాను. ఎవరి కోసం పండబెడుతున్నానో నాకు తెలియడం లేదు.

ప్రథమ ఫలాల రోజున ప్రతి ఇంటివాళ్ళూ బుట్టకు ఒక చీటీ గుచ్చుతారు. పాస్టరు గారు ఒక్కో చీటీ విప్పి పైకి చదివి, ఆ ఇంటి కోసం ప్రార్థన చేస్తారు. మా ఇంటి చీటీ ఎప్పుడూ బావ రాసేవాడట. ఆ శనివారం ఆయన ఓవర్‌టైములో ఉన్నాడు. అత్తమ్మకు రాయడం రాదు. నన్ను పిలిచి, "జ్ఞానశేఖర్ కుటుంబం, ప్రథమ ఫలము అని రాయి" అంది.

"ఇది రెండోది కదా అత్తమ్మా. వండింది కాక."

"దేవుడికి ఎరికే. పాస్టరు గారికి ఎందుకు?" అని ఆమె కోళ్ళను మూయడానికి వెళ్ళింది.

కాగితం ముందు కూర్చున్నాను. అప్పటిదాకా నేను రాసినదంతా ఎవరూ చదవరని రాసింది. ఇది రెండు వందల మంది వింటారు. బావ సైటులో పనిచేసేవాళ్ళు నలుగురైదుగురు వింటారు. ఆయన నన్ను మర్నాడే బస్సెక్కించి ఊరికి పంపేయవచ్చు. పంపితే అక్కకు సాయంత్రాలు చెయ్యి పట్టుకునేవాళ్ళు ఉండరు. ఊరుకుంటే చెయ్యి పట్టుకోవడం తప్ప నేను చేసేది ఏమీ ఉండదు. ఎటు చూసినా నష్టమే అయినప్పుడు నిజం రాయడమే తేలికనిపించింది. మూడు వాక్యాలు రాశాను. చీటీని నాలుగు మడతలు పెట్టి, పండు కింద పరిచిన అరిటాకుకు గుండుసూదితో గుచ్చాను.

ఆదివారం గుడిలో మగవాళ్ళు కుడివైపు, మేం ఎడమవైపు చాపల మీద. గుమ్మడికాయలు, కొత్త బియ్యం, కాళ్ళు కట్టిన కోడిపుంజు, ఎవరో తెచ్చిన కుండెడు పాలు. పాస్టరు గారు ఒక్కో చీటీ విప్పి చదువుతున్నారు. మాది పదకొండోదో పన్నెండోదో. విప్పి, కళ్ళజోడు సవరించుకుని, మొదట లోపల చదువుకున్నారు. బావ వైపు ఒకసారి చూశారు. తర్వాత చదివారు.

"దయానందం గారు పెంచిన ఈ చెట్టు మొదటి పండును ఆయన కోడలు కృపావతి తిన్నది, గర్భంతో ఉండి సందెవేళ కళ్ళు కనపడనందువల్ల. రెండో పండు దేవునికి. మిగిలిన ఆరూ ఆమె చూపు కోసం ఇంట్లో ఉన్నాయి."

ఆడవాళ్ళు అక్క వైపు తిరిగారు, మగవాళ్ళు బావ వైపు. అక్క నావైపు తిరిగింది. బావ మెడ ఎర్రబడటం ఇక్కడికి కనపడుతోంది. పాస్టరు గారు ప్రార్థనకు చేతులెత్తబోతుండగా అత్తమ్మ లేచి నిలబడింది. గుడిలో ఆడవాళ్ళు అలా లేచి మాట్లాడరు. పాటలో తప్ప ఆమె గొంతు అక్కడ ఎవరూ విని ఉండరు.

"అయ్యగారూ, ఆ పండు బాగా పండిపోనాది. రేపటికి ఆగదు. మీరు దీవించేసి, దాన్ని కూడా మా కోడలికే ఇచ్చేయండి."

అక్క లేచి ముందుకు వెళ్ళి కొంగు పట్టింది.